రసవాదం, రసాయనశాస్త్రం: పదాల చరిత్ర, నాగార్జునుని పేరు చిక్కు

'రసవాదం' అనగానే తెలుగు పాఠకుని మనసులో మెదిలేది బంగారం. ఇనుమునో రాగినో సీసాన్నో స్వర్ణంగా మార్చే విద్య అనే అర్థం వాడుకలో స్థిరపడిపోయింది. సంస్కృత రసగ్రంథాల పరిభాషలో మాత్రం ఈ పనికి సరైన పేరు ధాతువాదం లేదా లోహవాదం. రసం అంటే పాదరసం. ఆ పాదరసాన్ని ఆధారంగా చేసుకొని సాగే సమస్త విద్యకూ రసవాదమని పేరు. లోహాన్ని మార్చడం అందులో ఒక భాగమే. దేహాన్ని జరామరణాలకు లోనుకానిదిగా మార్చడం రెండవ భాగం, పైగా పరమలక్ష్యం. 14వ శతాబ్దిలో మాధవాచార్యుడు సర్వదర్శనసంగ్రహంలో రసేశ్వర దర్శనానికి ఒక ప్రత్యేక ప్రకరణం కేటాయించాడు. రసశాస్త్రం కేవలం ధాతువాదం కోసమే ఉన్నదని అనుకోరాదని, దేహసిద్ధి ద్వారా ముక్తి పొందడమే దాని ప్రయోజనమని అక్కడ స్పష్టంగా వివరించాడు. లోహం మీద చేసే ప్రయోగం రసం సిద్ధమయిందో లేదో తెలుసుకొనే పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గిన రసమే దేహానికి పనికివస్తుంది.

ఈ తేడాను మరచినందువల్ల తెలుగులో రసవాదం గురించి వచ్చిన రచనలు రెండు దారుల్లో నడిచాయి. ఒకటి, దాన్ని ఆశపోతుల భ్రమగా తీసిపారేయడం. రెండవది, ఆధునిక రసాయనశాస్త్రం కనుగొన్నవన్నీ మన సిద్ధులకు ముందే తెలుసునని చాటడం. రెండూ ఒకే పొరపాటు నుంచి పుట్టాయన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం. రెండు పక్షాలూ పాత గ్రంథాలను ఇప్పటి పాఠ్యపుస్తకాల పదాలతోనే చదువుతున్నాయి. కాబట్టి చర్చను పదాల నుంచే మొదలుపెట్టడం ఉచితం.

పరుసవేది

జనం నోట మిగిలిన మాట రసవాదం కన్నా పరుసవేది. ఇది స్పర్శవేధికి వికృతి. స్పర్శ పరుసమయింది, వేధిలోని మహాప్రాణం జారిపోయి వేదిగా మిగిలింది. ఒత్తు పోవడంతో అర్థమూ మరుగున పడింది. 'వేది' అంటే తెలిసినవాడనో అరుగు అనో భ్రమ కలుగుతుంది. నిజానికి వేధ అనేది రసగ్రంథాల్లో కచ్చితమైన సాంకేతిక పదం. సిద్ధమైన రసం లోహంలోకి చొచ్చుకుపోయి దాని గుణాన్ని మార్చడం వేధ. పూత పూయడం వల్ల కలిగేది లేపవేధ, కరిగిన లోహంలో వేయడం వల్ల కలిగేది క్షేపవేధ, పొగ తగలడం వల్ల కలిగేది ధూమవేధ. తాకినంతమాత్రాన కలిగేది స్పర్శవేధ. అంటే పల్లెల్లో కథగా చెప్పుకొనే పరుసవేది శాస్త్రగ్రంథం నుంచి జారి జనంలో పడిన మాటే.

అయితే జారేటప్పుడు ఒక ముఖ్యమైన అంశం పోయింది. ప్రతాపచరిత్ర చెప్పే ఐతిహ్యం ప్రకారం కాకతి ప్రోలరాజు కాలంలో ఒక బండి చక్రపు ఇనుము నేలలోని శివలింగానికి తగిలి బంగారమయింది. ఆ లింగం వెలసిన చోటే ఓరుగల్లు నిర్మాణమయింది. కొండవీటి రెడ్లను గురించిన ఐతిహ్యంలో శ్రీశైల యాత్ర నుంచి వేమ అనే కోమటి పరుసవేది రసాన్ని తెస్తాడు. అది ఆతిథ్యమిచ్చిన రెడ్డి వశమవుతుంది, కోమటి ప్రాణం విడుస్తాడు, ఆ దోషానికి పరిహారంగా రెడ్డి వంశంలో వేమ నామం నిలుస్తుంది. రెండు కథల్లోనూ బంగారం దొరుకుతుంది, ఎవరూ తయారుచేయరు. కొలిమి లేదు, మూస లేదు, రాత్రింబవళ్లు నిప్పు కాచే శిష్యుడు లేడు. హఠాత్తుగా పైకి వచ్చిన ఒక వంశపు సంపదకు కారణం చెప్పడానికి పుట్టిన కథలివి. ఓరుగంటి సంపదకు అసలు ఆధారాలు వెతకదలచినవారు చెరువుల శాసనాల వైపు, 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకిచ్చిన అభయశాసనం వైపు చూడాలి.

మోటుపల్లి ప్రస్తావన ఇక్కడ ఊరికే రాలేదు. భారతదేశంలో చెప్పుకోదగిన పాదరసపు గనులు లేవు. రసగ్రంథాలు శివవీర్యమని కీర్తించిన పదార్థం చాలావరకు వర్తకుల చేతుల మీదుగా వచ్చినదే. నల్లమల గుహల్లో కూర్చున్న సిద్ధునికీ, దూరదేశపు సరకు దింపే రేవుకూ మధ్య ఒక దారి ఉండి తీరాలి. మోటుపల్లిని ముట్ఫిలి అన్న మార్కోపోలోనే తన యాత్రాకథనంలో మరొకచోట పాదరసం, గంధకం కలిపిన పానీయాన్ని నెలకు రెండుసార్లు సేవించి దీర్ఘకాలం జీవించే యోగులను గురించి రాశాడు. ఆ పానీయం వారి ఆయుష్షును పెంచిందనడం మాత్రం ఏ వైద్యుడూ ఒప్పుకోడు.

మూసలో జరిగినది

ఇక గ్రంథాల్లోని రసవాదం. రసార్ణవం, గోవింద భగవత్పాదుని రసహృదయతంత్రం, వాగ్భటుని పేర ఉన్న రసరత్నసముచ్చయం, నిత్యనాథుని రసరత్నాకరం వంటివి చేతిపనిని వర్ణించే గ్రంథాలు. పాదరసానికి పద్దెనిమిది సంస్కారాలు చెబుతారు. స్వేదనంతో మొదలై మర్దనం, మూర్ఛనం, ఉత్థాపనం, పాతనం, రోధనం, నియమనం, దీపనం వరకు మొదటి ఎనిమిది. వైద్యానికి ఈ ఎనిమిదీ చాలునన్నారు. ఆపైన రసం అభ్రకాన్నీ లోహాలనూ 'తినడం', 'జీర్ణించుకోవడం', రంగు పట్టడం, చివరకు వేధ.

భాష ఆహారానికీ జీర్ణానికీ సంబంధించినదైనా పని మాత్రం నేటి ప్రయోగశాలలో గుర్తుపట్టగలిగినదే. పాదరసాన్ని గంధకంతో కల్వంలో నూరితే నల్లని కజ్జలి వస్తుంది. దాన్ని సీసాలో ఇసుక మీద క్రమంగా కాచితే పై భాగాన ఎర్రని రససిందూరం పేరుకుంటుంది. నలుపు, ఎరుపు రెండూ ఒకే సంయోగ పదార్థం. మెర్క్యురిక్ సల్ఫైడ్ రెండు రూపాలు. ప్రకృతిలో దొరికే ఇంగిలీకమూ ఇదే. రసవాది దీన్ని రసం చచ్చి మళ్లీ పుట్టడంగా చూశాడు. ఇంగిలీకాన్ని కాచి పాదరసాన్ని తిరిగి రాబట్టవచ్చునని అతనికి తెలుసు కనుక ఆ చూపులో ఒక తర్కం ఉంది. రూపం ఎంత మారినా లోపలి ద్రవ్యం నశించలేదన్న ఎరుక అది.

బంగారం సంగతి కూడా ఇలాగే పరిశీలించాలి. రసకమనే జింకు ఖనిజాన్ని రాగితో కలిపి పదేపదే కాస్తే రాగి బంగారమవుతుందని రసార్ణవం చెబుతుంది. జరిగేది అబద్ధం కాదు. జింకు రాగిలో చేరి పసుపుపచ్చని ఇత్తడి వస్తుంది. బంగారమంటే ఆ రంగు, ఆ మెరుపు అని నిర్వచించుకున్నవాడికి ఆ ప్రయోగం ఫలించినట్లే. తప్పు కంటిది కాదు, నిర్వచనానిది. మూలకమనే భావన లేనిచోట 'నిజమైన బంగారం' అన్న ప్రశ్నకు కంసాలి గీటురాయి, పుటం పెట్టడం తప్ప మరో తీర్పు లేదు. 

జింకు విషయం మరింత లోతైనది. రసరత్నసముచ్చయం రసకం నుంచి లోహసారాన్ని దింపే పద్ధతిని వర్ణిస్తూ వృంతాక మూషను పేర్కొంటుంది. వృంతాకమంటే వంకాయ. వంకాయ ఆకారంలో, పొడవైన గొట్టం తొడిమెలా అమరిన మూస. జింకు ఖనిజాన్ని బొగ్గుతో క్షయకరణం చేయాలంటే సుమారు వెయ్యి డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. జింకు 907 డిగ్రీల వద్దనే ఆవిరైపోతుంది. అందువల్ల మిగతా లోహాల వలె అది కొలిమి అడుగున ద్రవంగా చేరదు. పుట్టీపుట్టగానే ఆవిరై గాలి తగిలి మళ్లీ భస్మమవుతుంది. ఆ ఆవిరిని గాలి సోకకుండా కిందికి మళ్లించి చల్లార్చడమొక్కటే మార్గం. రాజస్థాన్‌లోని జావర్ వద్ద 1980 దశకంలో బ్రిటిష్ మ్యూజియం, బరోడా మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయం, హిందుస్థాన్ జింక్ సంస్థ కలిసి జరిపిన తవ్వకాల్లో అచ్చంగా ఆ వంకాయ మూసలే, కొలిమిలో వరుసలుగా తలకిందులుగా అమర్చినవి, బయటపడ్డాయి. ఐరోపాలో విలియం ఛాంపియన్ జింకు తయారీకి పేటెంటు పొందినది 1738లో. రసగ్రంథపు వర్ణనకు నేలలోంచి ఇంత సూటియైన సాక్ష్యం దొరికిన సందర్భం మరొకటి అరుదు. ఇక్కడ గమనించవలసినదేమంటే, జావర్ పని కులవృత్తిగా, పరిశ్రమగా సాగింది. గ్రంథకర్త ఆ పనివారి నేర్పును తన పరిభాషలోకి ఎక్కించుకొన్నాడనడానికే ఎక్కువ అవకాశం ఉంది.

స్వేదనమంటే ఏమిటి

నేటి తెలుగు పాఠ్యపుస్తకాల్లో స్వేదనమంటే ద్రవాన్ని ఆవిరి చేసి తిరిగి చల్లార్చి పట్టుకోవడం. 'స్వేదన జలం' మందుల దుకాణంలోనూ వినిపించే మాట. రసగ్రంథాల్లో స్వేదనం ఇది కాదు. పాదరసాన్ని మూలికలతో కలిపి గుడ్డలో మూటకట్టి, దోలాయంత్రంలో పుల్లని కంజి మీద వేలాడదీసి ఉడికించడం స్వేదనం. చెమట పట్టించడమనే ధాత్వర్థానికి అది దగ్గర. ఆవిరి చేసి పట్టుకొనే క్రియకు అక్కడ పాతనమని పేరు. పైకి ఎక్కించేది ఊర్ధ్వపాతనం, కిందికి దింపేది అధఃపాతనం, పక్కకు మళ్లించేది తిర్యక్పాతనం. ఇరవయ్యవ శతాబ్దపు పరిభాషా కర్తలు పాత మాటను కొత్త క్రియకు తొడిగారు. అందులో తప్పేమీ లేదు, పరిభాష అలాగే పెరుగుతుంది. కానీ ఈ మార్పును గుర్తించకుండా, పద్దెనిమిది సంస్కారాల్లో మొదటిది స్వేదనమని చదివి, సిద్ధులు పాదరసాన్ని మొదట బట్టీ పట్టేవారని రాస్తే మొత్తం క్రమమే తలకిందులవుతుంది. క్షారం, లవణం, ధాతువు, ద్రావకం వంటి మాటలకూ ఇదే జాగ్రత్త అవసరం.

'రసాయనం' మాటకే ఈ ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ. ఆయుర్వేద అష్టాంగాల్లో రసాయనతంత్రం ఒకటి. వయసును నిలిపే, బలాన్ని పెంచే చికిత్స దాని విషయం. అక్కడ రసమంటే దేహధాతువుల్లో మొదటిది. తరువాత పాదరసం రసమయింది, రసాయనం పాదరస ప్రయోగమయింది. ఆధునిక కాలంలో కెమిస్ట్రీకి పేరుగా నిలిచింది. 1030 ప్రాంతంలో భారతదేశాన్ని గురించి రాసిన అల్ బిరూనీకి ఈ మాట మధ్యదశలో దొరికింది. హిందువులకు ఆల్కెమీని పోలిన విద్య ఒకటి ఉన్నదని, దాన్ని రసాయనమంటారని, ముసలితనాన్ని పోగొట్టడం దాని ఉద్దేశమని అతడు నమోదు చేశాడు. బంగారం చేస్తామనేవారిని ఎగతాళి చేయడానికీ వెనుదీయలేదు.

ఐరోపాలో ఎడబాటు

ఐరోపాలోనూ పదాల గొడవ ఇటువంటిదే. అరబ్బీ 'అల్ కీమియా' నుంచి ఆల్కెమీ వచ్చింది. ముందున్న అరబ్బీ ఉపపదాన్ని తీసేస్తే కెమిస్ట్రీ. 17వ శతాబ్ది చివరి దాకా ఈ రెండు మాటలూ ఒకదానికి బదులు ఒకటి వాడుకలో ఉండేవని విలియం న్యూమన్, లారెన్స్ ప్రిన్సిపె 1998లో ప్రకటించిన వ్యాసంలో నిరూపించారు. బంగారం చేయడం ఒక పేరు కింద, మందులూ ఆమ్లాలూ చేయడం మరో పేరు కింద విడిపోయినది 18వ శతాబ్ది ఆరంభంలో. అప్పటికి కెమిస్ట్రీ విద్యాపీఠాల్లో గౌరవం కోరుకుంటున్నది. మోసగాళ్ల పేరు పడ్డ బంగారపు వేటను వదిలించుకోవడం దానికి అవసరమయింది.

ఆ ఎడబాటుకు ముందు తరం వారు రెండు పడవల్లోనూ కాలు పెట్టినవారే. 1661లో ది స్కెప్టికల్ కైమిస్ట్ ప్రకటించిన రాబర్ట్ బాయిల్ జీవితాంతం లోహపరివర్తన సాధ్యమని నమ్మాడు. బంగారాన్ని పెంపు చేయడాన్ని నేరంగా నిషేధించిన 1404 నాటి ఇంగ్లీషు చట్టాన్ని 1689లో రద్దు చేయించడంలో అతని ప్రయత్నం ఉంది. అతనికి పాదరస ప్రయోగాలు నేర్పిన జార్జ్ స్టార్కీ మారుపేరుతో రసవాద గ్రంథాలు రాశాడు. వాటిని న్యూటన్ శ్రద్ధగా చదివి ఎత్తిరాసుకున్నాడు. న్యూటన్ రసవాద కాగితాలు 1936లో లండన్‌లో వేలానికి వచ్చేదాకా ఆయన జీవితచరిత్రకారులు వాటిని దాదాపు పట్టించుకోలేదు. స్టార్కీ ప్రయోగపు నోటు పుస్తకాల్లో తూకం వేసి లెక్క చూసుకొనే అలవాటు ఉంది. లావోయిజియే 1789 నాటి గ్రంథంలో త్రాసును ప్రధాన సాధనం చేశాడంటే, ఆ త్రాసు రసవాదుల బల్ల మీద నుంచే వచ్చిందన్నమాట. అతడు మార్చింది ప్రశ్నను. ఏ క్రియకూ లొంగి విడిపోని పదార్థమే మూలకమని అంగీకరించిన తరువాత బంగారం తయారీ అనే ప్రశ్న రసాయనశాస్త్రంలో అర్థం కోల్పోయింది. అతని పట్టికలో ఉన్న ముప్పైమూడింటిలో కాంతి, ఉష్ణం కూడా చేరి ఉండడం వేరే సంగతి.

మూలకం మారుతుందని 1901లో మాంట్రియల్‌లో రూథర్‌ఫర్డ్, సాడీ థోరియం మీద పనిచేస్తూ గుర్తించినప్పుడు, దాన్ని పరివర్తన అని పిలిస్తే తమను రసవాదులంటారని రూథర్‌ఫర్డ్ భయపడ్డట్లు సాడీ తరువాత గుర్తుచేసుకున్నాడు. 1937 నాటికి తన పుస్తకానికే ఆయన 'నవ్య రసవాదం' అనే అర్థంవచ్చే పేరు పెట్టగలిగాడు. 1941లో హార్వర్డ్ భౌతికశాస్త్రజ్ఞులు పాదరసాన్ని వేగవంతమైన న్యూట్రాన్లతో తాడించి బంగారం చేశారు. పాదరసం పరమాణు సంఖ్య 80, బంగారానిది 79. రసగ్రంథాలు ఎన్నుకున్న జంటే ఇది. అయితే దీన్ని సిద్ధుల దూరదృష్టికి సాక్ష్యంగా చూపడం సరికాదు. వచ్చిన బంగారం రేడియోధార్మికం, కొద్దికాలంలోనే క్షీణించి తిరిగి పాదరసంగా మారిపోయేది.

నాగార్జునులు

భారతీయ రసవాదాన్ని ఆధునిక రసాయనశాస్త్రం కంటితో చదివిన మొదటి పెద్ద ప్రయత్నం ప్రఫుల్లచంద్ర రాయ్‌ది. ఆయన స్వయంగా పాదరస రసాయనంలో పండితుడు. 1896లో మెర్క్యురస్ నైట్రైట్ తయారీని ప్రకటించాడు. ఫ్రెంచి రసాయనజ్ఞుడు బెర్తెలో ప్రోత్సాహంతో రాసిన హిందూ రసాయనశాస్త్ర చరిత్ర మొదటి సంపుటం 1902లో, రెండవది 1909లో వెలువడ్డాయి. పరాధీనదేశంలో, భారతీయులకు ప్రయోగబుద్ధి లేదన్న నిందకు సమాధానంగా ఆ గ్రంథం నిలిచింది. అందుకే ఆయన మంత్రాలనూ దీక్షలనూ పక్కనపెట్టి క్రియలను ఏరుకున్నాడు. ఆ ఏరివేత అవసరమైనదే. కానీ దానివల్ల గ్రంథాలకు వాటివి కాని ముఖాలు కూడా వచ్చాయి.

అందులో ఒకటి తెలుగువారికి సూటిగా సంబంధించినది. రాయ్ తన రెండవ సంపుటంలో నాగార్జునుని రసరత్నాకరమనే గ్రంథం నుంచి భాగాలు ప్రకటించి, దాన్ని 7, 8 శతాబ్దాల నాటిదిగా భావించాడు. అప్పటినుంచి 'ఆచార్య నాగార్జునుడు రసరత్నాకరం రచించాడు' అనే వాక్యం తెలుగు వ్యాసాల్లో, పాఠ్యభాగాల్లో, యాత్రాదర్శినుల్లో తిరుగుతూనే ఉంది. 1984లో డొమినిక్ వుజాస్తిక్ ఆ ప్రతిని తిరిగి పరిశీలించి, నాగార్జునకృతమైన రసరత్నాకరమనే ప్రత్యేక గ్రంథం లేనేలేదని చూపాడు. రాయ్ వాడుకున్న పాఠంలో అధికభాగం రసేంద్రమంగళమనే వేరే గ్రంథానిది. రసరత్నాకరమనే పేరు న్యాయంగా చెందవలసినది నిత్యనాథ సిద్ధుని రచనకే.

పుస్తకం చిక్కు విడిపోయినా మనిషి చిక్కు మిగులుతుంది. మాధ్యమిక కారికల నాగార్జునుడు సుమారు 2వ శతాబ్దివాడు, శాతవాహన ప్రభువుకు మిత్రుడని సంప్రదాయం. 7వ శతాబ్దిలో వచ్చిన హ్యూన్‌త్సాంగ్ ఈ నాగార్జునుని గురించే చెబుతూ, గుహావిహారం కట్టిస్తున్న రాజుకు ధనం చాలకపోతే ఆచార్యుడు ఒక ద్రవం చల్లి రాళ్లను బంగారం చేశాడనే కథ చేర్చాడు. అల్ బిరూనీ చెప్పిన రసవాది నాగార్జునుడు సోమనాథ సమీపంలోని దైహక్ దుర్గవాసి, తనకు సుమారు నూరేళ్ల ముందువాడు. ఇద్దరి మధ్య ఎడం ఏడు శతాబ్దాలకు పైగా ఉంది. విజయపురి ఇక్ష్వాకులది మళ్లీ 3, 4 శతాబ్దాల మాట; నాగార్జునకొండ అనే పేరు ఆ లోయ శాసనాల్లోనిది కాదు, అక్కడ వినిపించేవి శ్రీపర్వతం, విజయపురి. మూడు వేర్వేరు పోగులను ఒక తాడుగా పేనింది పేరు మాత్రమే. 'శ్రీపర్వతం' పేరు శ్రీశైలానికీ వాడుకలో ఉండడం ఆ పేనికకు బలమిచ్చింది.

అయితే ఈ పేనిక ఎక్కడో దూరాన జరిగినది కాదు. తెలుగు సాహిత్యంలోనే జరిగింది. 15వ శతాబ్దిలో శ్రీశైల భిక్షావృత్తి మఠాధిపతి ముక్తిశాంతయ్య ప్రోద్బలంతో గౌరన ద్విపదలో నవనాథచరిత్ర రాశాడు. అందులో సిద్ధ నాగార్జునుడు శ్రీశైలాన్నే బంగారం చేయబూనుతాడు. అంతకుముందే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్ర పర్వతప్రకరణంలో శ్రీశైల మహిమలను విస్తరించి చెప్పాడు. వైద్యపు దారిలో చూస్తే బసవరాజీయం కనిపిస్తుంది. తెలుగునాట వైద్యులు తరతరాలుగా వాడిన ఈ గ్రంథంలో రసౌషధాలు విరివిగా ఉన్నాయి, నిత్యనాథుని పేరు ప్రమాణంగా వస్తుంది. వేమన పేరిట ఉన్న పద్యాల్లో స్వర్ణవిద్య ప్రస్తావనా ఉంది, ఆ ఆశ మీద విసుర్లూ ఉన్నాయి. వాటిని కవి ఆత్మకథగా మలచి అభిరాముని కథతో జోడించినది తరువాతివారు. మఠం, వైద్యుని ఇల్లు, ఆటవెలది మూడింటిలో రసవాదం మూడు రకాలుగా బతికింది. మొదటిదానిలో మహిమగా, రెండవదానిలో వృత్తిగా, మూడవదానిలో ఎత్తిపొడుపుగా.

ఈ మూడింటికీ ఉమ్మడి మూలంగా చూడదగినది నిత్యనాథుని రసాయనఖండంలోని శ్రీశైల ప్రకరణం. అందులో మల్లికార్జునుని చుట్టూ ఉన్న స్థలాలను దిక్కులవారీగా చెప్పి, ఎక్కడ ఏ రాయి, ఏ మన్ను, ఏ నీరు తీసుకోవాలో, వాటిలో తాకినంతనే వేధ కలిగించేవి ఏవో వివరిస్తాడు. కొలిమి ముందు కూర్చొని పద్దెనిమిది సంస్కారాలు చెప్పిన గ్రంథకర్తే ఇక్కడ కొండమీద రాయి ఏరుకోమంటున్నాడు. ప్రోలరాజు బండిచక్రానికి తగిలిన లింగమూ, కోమటి వేమ తెచ్చిన రసమూ ఈ ప్రకరణపు లోకానివే. దీన్ని తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం అనే నాలుగు ద్వారాల స్థలపురాణాలతో, పర్వతప్రకరణంతో, నవనాథచరిత్రతో వరుసగా పక్కపక్కన పెట్టి చదివే పని రసాయనజ్ఞునిది కాదు. అది ద్విపద చదవగలిగి, సంస్కృతం తెలిసి, ఆ అడవి దారులు తిరగగలిగిన తెలుగు పరిశోధకునిది.